దాస్య విమోచనోద్యమ చరిత్రము

1787వ సంవత్సరము మే నెల 22వ తేదీన లండను నగరమున జార్జి యార్డు అను సందులో, జేమ్సు ఫిలిప్సు అను పుస్తక విక్రేత అచ్చుకూటమున పండ్రెండుగురు సమావేశమైరి. వారిలో ప్రభువులు లేరు, మంత్రులు లేరు, పార్లమెంటు సభ్యుడు ఒక్కడైనను లేడు. తొమ్మండుగురు క్వేకరులు అను క్రైస్తవ శాఖకు చెందినవారు. ప్రమాణము చేయుట తమ మతమునకు విరుద్ధమని నమ్మువారు గావున, ప్రమాణము లేనిదే ప్రవేశము లేని పార్లమెంటు వారికి మూసిన తలుపే. తక్కిన ముగ్గురిలో గ్రాన్విల్ షార్పు ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తా, థామస్ క్లార్క్‌సన్ 27 ఏండ్ల యువకుడు, మూడవవాడొక వర్తకుడు. ఆఫ్రికా ఖండమున మనుష్యులను కొని ఓడల కెక్కించి అమెరికా ద్వీపములలో అమ్ముట అన్యాయమనియు, రాజ్యమునకు క్షేమకరము కాదనియు వారు తీర్మానించి, దానిని మాన్పించుటకు ఒక సంఘముగా నేర్పడిరి.

ఆనాడు లివర్‌పూలు, బ్రిస్టలు, లండను రేవుల ఐశ్వర్యములో పెద్ద పాలు ఈ వ్యాపారమువలన వచ్చినదే. ఓడలు కట్టువారు, త్రాళ్లు పేనువారు, తుపాకులు పోతపోయువారు, బీమా వర్తకులు, చక్కెర దుకాణదారులు అందఱును దానిమీద బ్రదుకువారే. ఈ బేరము మానుడని చెప్పుట గోదావరి డెల్టా రైతును వరి వేయవలదని చెప్పుటవంటిది. అట్లయినను 20 సంవత్సరములకు ఆ వ్యాపారము చట్టవిరుద్ధమయ్యెను. 51 సంవత్సరములకు బ్రిటిషు ద్వీపములలోని బానిసలు స్వతంత్రులైరి. పాఠ్య పుస్తకములలో ఈ కథ తఱచుగా విల్బర్‌ఫోర్సు అను ఒక్క మహాపురుషుని పేరుతో ముగియుచుండును. ఆయన పాలు తక్కువది కాదు. కాని అచ్చుకూటమునుండి మొదలుపెట్టి చూచినచో ఈ చరిత్రలో చక్కెర మానిన గృహిణులు, మహజరులపై చేవ్రాలు చేసిన కమ్మరులు, తమ కథను తామే వ్రాసికొన్న బానిసలు, చెఱకుతోటలకు నిప్పుపెట్టిన బానిసలు కూడ కనబడుదురు. వీరు లేనిదే విల్బర్‌ఫోర్సు ఉపన్యాసములు సభాభవనపు గోడలు దాటి యుండెడివి కావు.

బానిసత్వము కొత్తది కాదు. గ్రీసులోను రోములోను బానిసలుండిరి. మన దేశమునను ఉండిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున దాసులను గూర్చి ఒక అధ్యాయమే కలదు. అయితే అట్లాంటిక్ మహాసముద్రముపై జరిగిన వ్యాపారము పరిమాణమునను క్రౌర్యమునను వేఱు. 16వ శతాబ్దమునుండి 19వ శతాబ్దము మధ్యవఱకు సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఆఫ్రికా తీరమున ఓడల కెక్కించిరనియు, వారిలో 1 కోటి 7 లక్షల మందియే ప్రాణములతో ఆవలి ఒడ్డు చేరిరనియు, ఓడల దస్తావేజులను వెదకి కూర్చిన చరిత్రకారులు లెక్కగట్టిరి. మిగిలిన వారికి సముద్రమే శ్మశానమయ్యెను. అమ్ముడైన బానిసకు పుట్టిన బిడ్డయు బానిసయే. చర్మపు రంగే దాస్యమునకు గుఱుతు.

ఇంగ్లండున బయలుదేరిన ఓడ గుడ్డలు, తుపాకులు, ఇనుపకడ్డీలు, సారాయి నింపుకొని ఆఫ్రికా పశ్చిమ తీరమునకు పోయెడిది. అచట సరకునిచ్చి మనుష్యులను కొనెడివారు. వారిని జమైకా, బార్బడోసు మొదలగు ద్వీపములలో చెఱకుతోటల యజమానుల కమ్మి, చక్కెరతో ఇల్లు చేరెడివారు. ఆఫ్రికాకు పోవు గుడ్డలలో హిందూదేశపు నూలుబట్టలు ముఖ్యమైనవి. మన కోరమాండలు తీరమున నేసిన నీలిబట్టకు వర్తకులు ‘గినీ బట్ట’ అని ఆ ఆఫ్రికా తీరము పేరే పెట్టిరి. మగ్గముముందు కూర్చున్న సాలెవానికి తాను నేసిన తాను ఎవరి మెడకు వెలగా పోవుచున్నదో తెలియదు. లండనులో తేనీటిలో చక్కెర కలుపుకొను ఇల్లాలికిని తెలియదు. ఈ తెలియకపోవుటయే ఆ వ్యాపారమునకు కోటగోడ. ఉద్యమకారులు మొదట పడగొట్టవలసి వచ్చినది దానినే.

దానికి ముందే రెండు వ్యాజ్యములు జనుల దృష్టికి వచ్చియుండెను. జేమ్సు సోమర్సెట్టు అను బానిసను యజమాని ఇంగ్లండునకు తీసికొనివచ్చి, అతడు పాఱిపోగా పట్టి, జమైకాలో అమ్ముటకై ఓడలో బంధించెను. గ్రాన్విల్ షార్పు అతని పక్షమున న్యాయవాదులను నిలిపెను. 1772 జూను 22వ తేదీన ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డు ప్రభువు, ఇంగ్లండు గడ్డపైనుండి మనుష్యుని బలవంతముగా గొంపోవుట కే చట్టమును ఆధారము కాదని అతనిని విడిపించెను. రెండవది ‘జాంగు’ అను ఓడ కథ. 1781లో ఆ ఓడ దారితప్పి ఆలస్యము కాగా, నీరు చాలదను నెపమున సుమారు 130 మంది బానిసలను సముద్రమున త్రోసివైచిరి. రోగముచే చచ్చినవానికి బీమా సొమ్ము రాదు. ఓడ క్షేమమునకై పాఱవైచిన సరకునకు వచ్చును. ఓడ యజమానులు తలకు 30 పౌనుల చొప్పున సొమ్ము కోరిరి. 1783లో ఈ వ్యాజ్యము విచారణకు వచ్చినపుడు జూరీ మొదట యజమానుల పక్షముననే తీర్పు చెప్పెను. ఈ వార్తను షార్పు ఇంటికి మోసికొని వచ్చినవాడు ఒకప్పుడు తానును బానిసయైన ఈక్వియానో. షార్పు హత్యానేరము మోపింప ప్రయత్నించెను. సాగలేదు. ఒక్కరికిని శిక్ష పడలేదు.

క్లార్క్‌సన్ ఈ పనిలోనికి వచ్చిన విధము వింతయైనది. 1785లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు లాటిను భాషలో వ్యాసపు పోటీ పెట్టిరి. ఇష్టము లేనివారిని బానిసలుగా జేయుట న్యాయమా యనునది విషయము. అతడు బహుమానమునకై వ్రాయ మొదలిడెను. చదివిన కొలది నిద్ర పట్టకపోయెను. మొదటి బహుమానము వచ్చెను. లండనునకు గుఱ్ఱముపై పోవుచు హెర్ట్‌ఫర్డ్‌షైరులో వేడ్సుమిల్లు అను గ్రామము చేరువ దిగి, దారిప్రక్కన కూర్చుండి, వ్యాసములోని విషయములు నిజమే యైనచో వాని నెవరో యొకరు అంతము చేయవలసినదే కదా యని ఆలోచించెను. ఆ ‘ఎవరో యొకరు’ తానే యయ్యెను. బహుమానమునకు వ్రాసిన వ్యాసములు సాధారణముగా బీరువాలో పడియుండును. ఇది ఇంగ్లీషులోనికి మాఱి 1786లో జేమ్సు ఫిలిప్సు అచ్చుకూటమునుండియే వెలువడెను.

సంఘము ఏర్పడినపిమ్మట క్లార్క్‌సన్ సాక్ష్యము సేకరించుటకై రేవుపట్టణములు తిరిగెను. ఏడు సంవత్సరములలో ఆయన 35,000 మైళ్లు ప్రయాణము చేసెనని చెప్పుదురు. చాల భాగము గుఱ్ఱముమీదనే. సారాయి దుకాణములలో నావికులతో కూర్చుండి వారు చూచినది వ్రాసికొనెను. లివర్‌పూలులో ఒక దుకాణమున సంకెళ్లు, బొటనవ్రేళ్లు నొక్కు మరలు, అన్నము మానిన బానిస నోరు బలాత్కారముగా తెఱచు ఇనుప పనిముట్టు బహిరంగముగా అమ్మకమునకు పెట్టియుండుట చూచి వాని నన్నిటిని కొనెను. ఆ ఊరి రేవుకట్టపై కొందఱు ఆయనను చుట్టుముట్టి సముద్రములోనికి త్రోయబోగా, వారిని త్రోసికొని బయటపడెను. బానిసల ఓడలే నౌకాదళమునకు మంచి నావికులను తయారుచేయుచున్నవని వ్యాపారపక్షమువారు చెప్పెడివారు. క్లార్క్‌సన్ ఓడల హాజరు పట్టీలు తిరుగవేసి, ఆ ఓడలలో నావికులే ఎంత హెచ్చుగా మరణించుచున్నారో పేర్లతో సహా చూపెను. ఒక పెట్టెలో ఆఫ్రికావారు నేసిన బట్టలు, చెక్కిన దంతపు పనులు, సుగంధద్రవ్యములు ఉంచుకొని ఊరూర విప్పి చూపుచుండెను. ఇట్టి పనితనము గలవారిని పశువులని యెట్లందురు? ఈ ప్రశ్నను ఆ పెట్టెయే యడిగెడిది.

ఈ ఉద్యమము అచ్చువేసినవానిలో అన్నిటికంటె బలమైనది ఒక పటము. ‘బ్రూక్సు’ అను లివర్‌పూలు ఓడ నిలువుకోతపు చిత్రమది. మొదట ప్లిమతులో 1788 చివరను, పిమ్మట లండనులో 1789లోను అచ్చయ్యెను. ఓడ అరలలో 482 మనుష్యరూపములు పెట్టెలో చేపలు పేర్చినట్లు కనబడును. ఒక్కొక్క పురుషునికి 6 అడుగుల పొడవు, 1 అడుగు 4 అంగుళముల వెడల్పు, ఒత్తిగిల్లుటకైనను చోటులేదు. 1788 నాటి చట్టము ఆ ఓడకు 454 మంది వఱకు అనుమతించినది. అంతకు ముందొక ప్రయాణములో 609 మందిని ఎక్కించిరి. అనగా చూచువారిని జడిపించిన ఆ పటము వాస్తవముకంటె తక్కువే చూపినది. దానికి వ్యాఖ్యానము అక్కఱలేకపోయెను. చదువురానివానికిని అది అర్థమగును. ఇండ్లలో, సత్రములలో గోడలకు అంటించిరి. కుమ్మరి పనిలో పేరుగాంచిన జోషియా వెడ్జ్‌వుడ్డు, సంకెళ్లతో మోకరిల్లి ‘నేను మనుష్యుడను గానా, సోదరుడను గానా’ యని యడుగు బానిస బొమ్మతో చిన్న బిళ్లలు చేయించి పంచిపెట్టెను. స్త్రీలు వానిని గాజులలోను జడసూదులలోను పొదిగించుకొనిరి. (ఆ బొమ్మలోని బానిస మోకాళ్లపైననే యుండుట గమనింపదగినది, లేచి నిలిచిన బానిస బొమ్మను ఇంగ్లండు ఇండ్లలో ఎందఱు ధరించియుందురో!)

లేచి నిలిచిన మనుష్యుడు మాత్రము 1789లో పుస్తకరూపమున వచ్చెను. ఒలౌదా ఈక్వియానో తన జీవితకథను తానే వ్రాసి, చందాదారులను ముందుగా కూర్చుకొని, వారి పేర్లు మొదటనే అచ్చొత్తించి ప్రకటించెను. మొదటి కూర్పునకు చందాదారులు 311 మంది. బాల్యముననే దాస్యమున పడినవాడు. నౌకలలో పనిచేయుచు చదువు నేర్చి, చిల్లర వర్తకముచే కూడబెట్టిన సొమ్ముతో 1766లో తన్ను తానే కొనుక్కొన్నవాడు. ఆయన ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములలో ఊరూర తిరిగి ఉపన్యసించి పుస్తకము లమ్మెను. 1797లో మరణించులోపల ఆ గ్రంథము తొమ్మిది కూర్పులు పొందెను. వెస్టిండీసు తోటలలో యజమానులు బానిసలు అక్షరములు నేర్చుటను ఏల సహింపలేదో ఈ పుస్తకము చదివినవారికి వేఱుగా చెప్ప నక్కఱలేదు.

1788లో పార్లమెంటునకు నూటికి పైగా మహజరులు వచ్చెను. ఒక్క మాంచెస్టరునుండి వచ్చిన దానిపై 10,000కు పైగా చేవ్రాళ్లు గలవు. ఆనాటి ఇంగ్లండులో ఓటు కొద్దిమందికే యుండెడిది. ఓటు లేనివానికి మహజరు తప్ప వేఱు నోరు లేదు. షెఫీల్డు పట్టణపు కత్తులు చేయు పనివారు 769 మంది 1789లో పంపినది ప్రత్యేకముగా చెప్పదగినది. తాము చేయు కత్తులు ఆఫ్రికా తీరమున బానిసల వెలగా పోవుచున్నవనియు, ఈ వ్యాపారము నిలిచినచో తమకే నష్టమనియు వారే వ్రాసిరి. అయినను ఆఫ్రికా జనుల కష్టము తమ కష్టముగనే యెంచుచున్నామని చెప్పి దానిని నిలుపుడనిరి. కూలి తగ్గునని తెలిసియు చేవ్రాలు చేసిన ఆ 769 మంది పేర్లు శిలావిగ్రహములపై లేవు.

1789 మే 12వ తేదీన విలియం విల్బర్‌ఫోర్సు కామన్సు సభలో మూడున్నర గంటలు ఉపన్యసించెను. ఆయన సౌజన్యమును, వాగ్ధాటియు, ఓటమికి వెఱవని పట్టుదలయు నిస్సందేహముగా గొప్పవి. కాని 1791 ఏప్రిలులో ఓట్లు తీసికొనగా వ్యాపారమును ఆపుటకు 88, వలదనుటకు 163 వచ్చెను.

అపుడు ఉద్యమము పార్లమెంటును విడిచి వంటయింటిలో ప్రవేశించెను. ఆ సంవత్సరముననే విలియం ఫాక్సు అనునాతడు చిన్న కరపత్రమొకటి ప్రకటించెను. అందులోని వాదము ధర్మశాస్త్రమునుండి గాక లెక్కలనుండి వచ్చినది. వారమునకు ఐదు పౌనుల చక్కెర, దానికి తగిన రమ్ము వాడు కుటుంబము 21 నెలలు వానిని మానినచో ఒక మనుష్యుడు బానిస గాకుండనో, చంపబడకుండనో తప్పించినట్లగును. కొనువాడు లేనిదే దొంగలేడని దాని సారము. చక్కెర మానినవారు 3 లక్షల మంది యుందురని క్లార్క్‌సన్ అంచనా వేసెను. తేనీరు త్రాగుట గౌరవచిహ్నమైన ఆ దేశమున చక్కెర లేని తేనీరు అతిథి కిచ్చుట చిన్న విషయము కాదు. వచ్చినవాడు ఏల యని యడుగును, ఇల్లాలు చెప్పవలసివచ్చును. ఓటు లేని స్త్రీలు ప్రతి యింట ఇట్లొక సభ జరిపిరి. కిరాణా వర్తకులు హిందూదేశపు చక్కెర తెప్పించి, ఇది బానిసలు చేసినది కాదని చెప్పి యమ్మసాగిరి. ఆ మాటలే వ్రాసిన చక్కెర గిన్నెలు కూడ తయారయ్యెను. హిందూదేశపు పొలములలో వారనుకొన్నంత స్వాతంత్ర్యము లేదను సంగతి అప్పటికి వారి చెవి బడలేదు.

1792లో 519 మహజరులు, సుమారు 3 లక్షల 90 వేల చేవ్రాళ్లతో పార్లమెంటునకు వచ్చెను. ఒక విషయముపై అన్ని మహజరులు అంతకుముందెన్నడును రాలేదు. సభ ఇక కాదనలేకపోయెను. డండాసు అను మంత్రి ‘క్రమక్రమముగా’ అను ఒక్క మాట తీర్మానమున చేర్చెను. 230 మంది సరియనిరి, 85 మంది కాదనిరి. ఆ ఒక్క మాట 15 సంవత్సరములు మ్రింగివైచినది. ప్రభువుల సభ విచారణ పేరిట కాలము గడిపెను. 1793లో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చెను. మనుష్యుల హక్కులను గూర్చి మాటలాడువాడెల్ల శత్రువు గూఢచారిగా కనబడసాగెను. క్లార్క్‌సన్ శరీరము చెడి 1794లో విశ్రాంతి తీసికొనవలసివచ్చెను.

ఇంగ్లండులో ‘క్రమక్రమముగా’ అని తర్కించుచుండగా, ఫ్రెంచివారి ఏలుబడిలోని సాన్‌డొమింగు ద్వీపమున బానిసలు తమ విమోచనము తామే సాధించుకొనుచుండిరి. లోకమున అన్నిటికంటె హెచ్చు చక్కెర పండించు ఆ ద్వీపమున 1791 ఆగస్టులో తిరుగుబాటు బయలుదేరెను. మాజీ బానిసయైన తూసాఁ లూవెర్త్యూరు దానికి నాయకుడయ్యెను. ఫ్రెంచి విప్లవ శాసనసభ 1794 ఫిబ్రవరి 4వ తేదీన తన వలసలన్నిటిలో బానిసత్వము రద్దుచేసెను. అది దయవలన గాక, ద్వీపమున జరిగిపోయినదానికి ముద్రవేయుటగా జరిగినది. 1802లో నెపోలియను ఆ చట్టమును త్రోసివేసి సైన్యము పంపెను. తూసాఁను మోసముతో పట్టి ఫ్రాన్సు పర్వతములలోని చలికోటలో నుంచగా ఆయన 1803 ఏప్రిలులో మరణించెను. కాని యుద్ధమును, పచ్చజ్వరమును నెపోలియను సైన్యమును మట్టుపెట్టినవి. 1804 జనవరి 1వ తేదీన ‘హైతీ’ యను పేరుతో స్వతంత్రరాజ్యము వెలసెను. స్వాతంత్ర్యమునకు వెల చెల్లింపుమని 1825లో ఫ్రాన్సు ఆ పేద రాజ్యముపై 15 కోట్ల ఫ్రాంకుల భారము మోపిన కథ మఱియొక వ్యాసమునకు తగినది.

ఇంగ్లండులో 1807లో గాలి తిరిగెను. 1807 ఫిబ్రవరి 23వ తేదీన కామన్సు సభ 283 మంది అనుకూలురుగా, 16 మంది ప్రతికూలురుగా వ్యాపార నిషేధమును అంగీకరించెను. మార్చి 25వ తేదీన అది చట్టమయ్యెను. సభ్యులు లేచి విల్బర్‌ఫోర్సును జయధ్వానములతో గౌరవింపగా ఆయన కన్నీరు నింపుకొని కూర్చుండెను. అయితే ఈ చట్టము కొత్తవారిని కొని తెచ్చుటను మాత్రమే ఆపినది. అప్పటికే ద్వీపములలో నున్న లక్షలాది బానిసల సంకెల యథాతథముగా నుండెను. వ్యాపారము నిలిచినచో యజమానులు ఉన్నవారినే దయతో చూచికొందురనియు, దాస్యము తనంతట తానే సడలుననియు పెద్దలు తలంచిరి. 15 ఏండ్లు చూచిన పిదప ఆ తలంపు తప్పని తేలెను.

1823లో బానిసత్వమునే తొలగించుటకు కొత్త సంఘము ఏర్పడెను. అదియు మెల్లమెల్లగా అనియే పలికినది. దానికి సూటిగా ఎదురు చెప్పినది లెస్టరు పట్టణపు క్వేకరు వనిత ఎలిజబెత్ హేరిక్కు. తక్షణమే విమోచనము కావలెను గాని క్రమక్రమముగా కాదని ఆమె 1824లో కరపత్రము వ్రాసి, దుకాణము దుకాణము తిరిగి వెస్టిండీసు చక్కెర మానిపించెను. 1825లో బర్మింగుహాములో స్త్రీల సంఘము వెలసెను. తరువాత డెబ్బదికి పైగా స్త్రీసంఘములు బయలుదేరెను. స్త్రీలు ఇట్లు ఇల్లిల్లు తిరుగుట విల్బర్‌ఫోర్సునకు నచ్చలేదు. గొప్పవారును తమ కాలపు గోడలలోపలివారే. కాని డబ్బు సేకరించినది ఈ సంఘములే. పెద్ద సంఘమువారు ‘క్రమక్రమముగా’ అను మాటను విడువవలసినదని పట్టుపట్టినదియు వీరే; 1830లో ఆ మాట తీసివేయబడెను. మఱుసటి సంవత్సరమున బానిసగా పుట్టిన మేరీ ప్రిన్సు అను స్త్రీ కథ లండనులో అచ్చయ్యెను. ఆమె చెప్పగా వేఱొకరు వ్రాసినది. కాని దెబ్బలు ఆమెవి, మాట ఆమెది.

ఆ 1831 డిసెంబరులోనే జమైకాలో శామ్యూల్ షార్పు అను బానిస లేచెను. ఈయనకు గ్రాన్విల్ షార్పుతో సంబంధము లేదు. బానిసలకు యజమానుల ఇంటిపేరే ఇంటిపేరు. బాప్టిస్టు దేవాలయమున ఉపదేశకుడు, చదువు వచ్చినవాడు. ఇంగ్లండునుండి వచ్చు వార్తాపత్రికలు చదివి, పార్లమెంటున జరుగుచున్న వాదమును తోటివారికి తెలియజెప్పుచుండెను. క్రిస్మసు సెలవుల పిదప కూలి యిచ్చినగాని పనిలోనికి దిగరాదని ఆయన ఏర్పాటు. అది మొదట ఒక సమ్మె మాత్రమే. డిసెంబరు 27వ తేదీ రాత్రి తోటలకు నిప్పంటుకొనెను. వేలకొలది బానిసలు కలిసిరి. చనిపోయిన తెల్లవారు 14 మంది. అణచివేతలోను పిమ్మటి విచారణలలోను 300కు మించిన బానిసలకు మరణశిక్ష అమలు జరిగెను. 1832 మే 23వ తేదీన షార్పును ఉరితీసిరి. బానిసత్వమును నిలుపవలెనన్నచో ఇక సైన్యమునే కాపలా నుంచవలెనను సంగతి ఈ ఉరికొయ్యలు లండనునకు తెలియజెప్పెను.

1832లో ఓటుహక్కు కొంత విస్తరించి కొత్త పార్లమెంటు కూడెను. 1833లో ఐదు వేలకు పైగా మహజరులు వచ్చెను. 1 లక్షా 87 వేల స్త్రీల చేవ్రాళ్లు గల ఒక మహజరును చుట్టగా చుట్టి నలుగురు సభ్యులు మోసికొని రావలసివచ్చెను. జూలై 26వ తేదీన బిల్లు గట్టెక్కినదను వార్త మరణశయ్యపై నున్న విల్బర్‌ఫోర్సు విని, 29వ తేదీన కన్నుమూసెను. ఆగస్టు 28వ తేదీన అది చట్టమయ్యెను. 1834 ఆగస్టు 1వ తేదీనుండి అమలునకు వచ్చెను.

చట్టమును విప్పి చదివినచో జయోత్సాహము కొంత తగ్గును. నష్టపరిహారము 2 కోట్ల పౌనులు. ఆ ప్రభుత్వపు సాలుసరి వ్యయములో ఇది ఐదింట రెండు పాళ్లు. అది బానిసలకు గాదు, బానిసల యజమానులకు. సుమారు 8 లక్షల మంది బానిసలకు ఒక్క పెన్నీ యైనను రాలేదు. ఈ సొమ్మునకై చేసిన అప్పు బ్రిటిషు ప్రజలు కట్టిన పన్నులలోనుండి తీఱుచు 2015లో గాని పూర్తిగా తీఱలేదు. పైగా ఆరేండ్ల లోపు పిల్లలు తప్ప తక్కినవారందఱు ‘శిక్షణము’ అను పేరుతో మఱి కొన్ని ఏండ్లు పాత యజమానికే వారమునకు 45 గంటలవఱకు కూలి లేక పనిచేయవలెను. పుట్టినది మొదలు చెఱకు నఱకినవానికి ఇంకను శిక్షణమేమో ఆ చట్టము వ్రాసినవారే యెఱుగుదురు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతములకు చట్టము వర్తింపదని మఱియొక నిబంధన. బానిసలు చేయని చక్కెర యని గిన్నెలపై వ్రాసికొన్న దేశమునకే విమోచన చట్టము రాలేదన్నమాట. హిందూదేశపు న్యాయస్థానములు దాస్యమును గుర్తింపరాదను చట్టము 1843లో వచ్చెను. మనుష్యుని కొనుట, అమ్ముట 1860 నాటి శిక్షాస్మృతిలో నేరమయ్యెను. అప్పు పేరిట తరతరములు సాగిన వెట్టిని రద్దుచేయు కేంద్ర చట్టమునకు 1976 వఱకు ఆగవలసి వచ్చెను.

‘శిక్షణము’ పై ఇంగ్లండులో మరల మహజరులు లేచెను. గడువు తీఱకయే 1838లో దానిని తీసివేసిరి. జూలై 31వ తేదీ రాత్రి జమైకాలో ఫాల్మతు పట్టణమున విలియం నిబ్బు అను మతాచార్యుని దేవాలయమున జనులు క్రిక్కిఱిసి యుండిరి. అర్ధరాత్రి గంట కొట్టగానే దాస్యము చచ్చినదని ప్రకటించిరి. తెల్లవాఱిన పిమ్మట ఒక శవపేటికలో గొలుసును, కొరడాను, మెడకు తగిలించు ఇనుప కంటెను పెట్టి గోతిలో పాతిపెట్టిరి; దానిపై ఒక చెట్టు నాటిరి.

దీనికి మూడు నెలలు ముందు, 1838 మే 5వ తేదీన, దక్షిణ అమెరికాలోని బ్రిటిషు గయానా రేవునకు ‘విట్బీ’, ‘హెస్పెరసు’ అను రెండోడలు కలకత్తానుండి చేరియుండెను. వానిలో సుమారు 400 మంది హిందూదేశపు కూలీలు గలరు. వారిని తెప్పించినవారిలో ముఖ్యుడు జాన్ గ్లాడ్‌స్టను. 2,508 మంది బానిసలకుగాను లక్ష పౌనులకు పైగా పరిహారము పుచ్చుకొన్న తోటల యజమాని. మారిషసు ద్వీపమునకు ఇట్టి ఓడలు 1834లోనే పోవ నారంభించెను. ఈ కూలీలు బానిసలు కారు. ఐదేండ్ల ఒడంబడిక, నెలకు ఇంత కూలి యని కాగితము గలదు. కాని ఆ కాగితమును చదువగలవారు వారిలో ఎందఱు? పని మానినచో జైలు, అనుమతి లేక తోట దాటినచో జైలు. పండుకొన నిచ్చినవి మాత్రము పాత బానిసల కొట్టములే.

మన గోదావరి ముఖమున కోరంగి రేవునుండి తెలుగు కూలీలు మారిషసునకు పోయిరి. అచటి తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు ఆ రేవునుబట్టి వచ్చినదే. 1860లో ‘ట్రూరో’ అను ఓడ మదరాసునుండి తెలుగు, తమిళ కూలీలతో బయలుదేరి నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. 1903నుండి ఫిజీకి మదరాసు ఓడలు పోయెను. గోపాలకృష్ణ గోఖలే 1910లో నేటాలునకు కూలీలను పంపుట ఆపవలెనని శాసనసభలో తీర్మానము నెగ్గించెను; 1912లో ఒడంబడిక పద్ధతినే రద్దుచేయుడని తెచ్చిన తీర్మానము ప్రభుత్వ సభ్యుల ఓట్లచే ఓడిపోయెను. ఐదేండ్ల పిమ్మట, 1917లో, దేశమున కూలీలను చేర్చుకొనుట నిలిచెను. అప్పటికే పోయి తోటలలో చిక్కుకొనియున్నవారికి ఒడంబడికలు ఇంకను మిగిలియుండెను. ఫిజీలో వాని నన్నిటిని 1920 జనవరి 1వ తేదీన రద్దుచేసిరి.